కూతురి కారుకి తండ్రి కాపలా

డెరిక్ ఫార్లమ్ జీవితంలో సగానికి పైగా స్టీరింగు వెనకాలే గడిచిపోయింది. కెల్బీ నుంచి కొండ దాటి థార్న్‌గిల్‌కి, థార్న్‌గిల్ నుంచి మళ్లీ కెల్బీకి, వానలో, మంచులో, దారికి అడ్డం పడుకున్న గొర్రెల మధ్య బస్సు నడిపీ నడిపీ యాభై ఎనిమిదో ఏట పడ్డాడు. ఇన్నేళ్లలో బస్సుకి ఒక్క సొట్ట పడనివ్వలేదు. సొంత డబ్బా కొట్టుకునే మనిషి కాదు గానీ ఆ సంగతి మాత్రం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా చెప్పేవాడు.

మొహంలో అలసట ఎప్పుడూ ఉండేది. నిద్ర లేచిన వెంటనే కూడా ఉండేది. అతనికున్న కోరికల్లా ఒక్కటే. డిపోలో తెల్లవారుజాము డ్యూటీ చేసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, రాత్రి తొమ్మిదింటికల్లా దుప్పటి ముసుగేసుకోవడం. చాలాకాలం అలాగే గడిచింది కూడా. కూతురు బెథనీకి పద్దెనిమిది వచ్చేసరికి ఆ సుఖం కాస్తా పోయింది.

బెథనీ కెల్బీలో ఒక హోటలు వంటింట్లో పని నేర్చుకుంటోంది. కేకులూ పేస్ట్రీలూ ఆ పిల్ల చేతిలో మాట వింటాయని హోటలు వాళ్లే అన్నారు. మూడేళ్లు అక్కడ పని చేస్తూ, వారానికో రోజు కాలేజీకి వెళ్తే చేతికి పట్టా వస్తుంది. పని మధ్యాహ్నం రెండింటికి మొదలై రాత్రి పదకొండింటికి గానీ ముగియదు. వాళ్లుండే థార్న్‌గిల్‌కి రాత్రి బస్సేమో ఎవరూ ఎక్కడం లేదని తీసేశారు. ఆ బస్సుని ఆఖరి రోజు, ఇంకొకరి బదులుగా, నడిపింది డెరిక్కే. ఆ రోజు బస్సులో ఉన్నది బెథనీ ఒక్కతే. అందుకే పిల్లకి కారు తప్పనిసరి అయింది.

డ్రైవింగు తండ్రే నేర్పాడు. నేర్పింది కూడా ఒకే ఒక్క పాఠం. "నీ వెనకాల ఒక ముసలావిడ నిలబడి ఉందనుకో. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో టీ కప్పు. దేన్నీ పట్టుకోలేదు. ఆవిడ టీ ఒలక్కుండా బ్రేకు వెయ్యి." బెథనీ మొదటిసారే పరీక్ష పాసైంది. పెరట్లో నిలబడి ఎల్ బోర్డుని తల్లీ కూతుళ్లు చెరోవైపూ పట్టుకుని చింపారు. వేయించిన చేపా చిప్సూ తెచ్చుకుని పండగ చేసుకున్నారు. ఆ తర్వాత ఇన్సూరెన్సు ఎంతవుతుందో చూశారు.

"రెండు వేల ఎనిమిది వందల పౌండ్లా!" అంది డెరిక్ భార్య లొరైన్. "కారుకా, ఇన్సూరెన్సుకా?"

"ఇన్సూరెన్సుకే."

"మరి కారెంత?"

"పధ్నాలుగు వందలు."

"అయితే రెండు కార్లు కొని, ఒకదాన్ని గోడకేసి గుద్దేసి, రెండోదాన్ని వాడుకున్నా లెక్క సరిపోతుంది కదా!"

"ఆ గోడకి కూడా ఇన్సూరెన్సు అడుగుతారే తల్లీ," అన్నాడు డెరిక్.

లొరైన్ లెక్కలో తప్పేమీ లేదు. ఈ కంపెనీల కళ్లకి పద్దెనిమిదేళ్ల పిల్ల అంటే ఇంకా జరగని ప్రమాదం. చెయ్యబోయే తప్పుకి ముందే జరిమానా కట్టించుకుంటారు, పైగా అది మన మంచికేనంటారు. ఈ చుట్టుపక్కల కుర్రకారులో సగం మంది లైసెన్సు జేబులో పెట్టుకుని సైకిలు తొక్కుతున్నారంటే ఊరికే కాదు.

చివరికి ఒక దారి దొరికింది. కారులో చిన్న నల్ల డబ్బా బిగిస్తారు. నడిపే తీరుని అది రోజంతా చూస్తుంది. పాలసీలో అనుభవమున్న తండ్రి పేరు కూడా చేరిస్తే రేటు పంతొమ్మిది వందలకి దిగింది. ఒక్క ఏడాది మచ్చ లేకుండా గడిస్తే వచ్చే ఏడాదికి సగమవుతుంది. ఆ పంతొమ్మిది వందల కోసం డెరిక్ తన పాత కారుని అమ్మేశాడు. దాన్ని కొన్నవాడు తోలుకుపోతుంటే గుమ్మంలోకి రాకుండా వంటింట్లో కప్పులు కడుగుతూ ఉండిపోయాడు. ఒక్క ఏడాదే కదా అనుకున్నాడు. ఏడాది తిరిగితే బెథనీ తన దారిన తను నడుపుకుంటుంది, తనకి మళ్లీ తెల్లవారుజాము డ్యూటీ, తొమ్మిదింటికి నిద్ర.

డబ్బా బిగించడానికి వచ్చిన మనిషి నియమాలు గడగడా అప్పజెప్పాడు. వేగం మించకూడదు. ఉన్నట్టుండి బ్రేకు వేయకూడదు. రాత్రి పదకొండు నుంచి తెల్లవారి అయిదు దాకా నడిపితే మార్కులు పోతాయి, ఎందుకంటే కుర్రకారు గుద్దేదంతా ఆ వేళల్లోనేనట.

బెథనీ మొహం పాలిపోయింది. "నా పని అయ్యేదే పదకొండుకి కదా నాన్నా."

డెరిక్ టీ రెండు గుక్కలు తాగి ఆలోచించాడు. "వాళ్ల భయం ఎవరి గురించి? పిల్లల గురించి. నేను పిల్లాణ్ణా? పాలసీలో నా పేరుందా లేదా? వెళ్లేటప్పుడు నువ్వు నడుపు. రాత్రి వచ్చేటప్పుడు నేను నడుపుతా. నీ మార్కులు నీకుంటాయి."

అది విన్నప్పుడు ఇంట్లో ఎవరికీ తప్పనిపించలేదు. డెరిక్ మర్నాడే డిపోలో అడిగి రోజూ రాత్రి డ్యూటీయే వేయించుకున్నాడు. అందరూ తప్పించుకు తిరిగే డ్యూటీని కోరి తెచ్చుకుంటుంటే తోటి డ్రైవరు కీత్ నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "జ్వరం లేదే! మరి మతి పోయిందా?"

"మతి ఉండబట్టే," అని డెరిక్ క్యాంటీన్లో అందరికీ తన ఎత్తు వివరించాడు. "వాళ్లు వల వేశారు. నేను పక్కనుంచి నడిచొచ్చేశా." ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో! చాలాకాలానికి ఆ మొహంలో అలసట కాకుండా ఇంకేదో కనపడింది.

అలా మొదలైంది. మధ్యాహ్నం కూతురి కంటే ముందే ఊరి బస్సెక్కి డిపోకి వెళ్లడం, రాత్రి తొమ్మిదిన్నర దాకా కెల్బీ వీధుల్లో బస్సు తిప్పడం, ఆ తర్వాత హోటలు వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి వెళ్లి, గిన్నెలు కడిగే యంత్రం పక్కన విరిగిన కుర్చీలో కూర్చోవడం. ఆ ఆవిరి వేడికి కూర్చున్న వెంటనే కళ్లు మూతలు పడేవి.

"ఇదుగో డెరిక్, గురక కాస్త తగ్గించు. నా సూపు పొంగిపోతోంది," అనేది పెద్ద వంటావిడ మోయిరా. అంటూనే మిగిలిన మాంసం రొట్టె ముక్క పళ్లెంలో పెట్టి ఒళ్లో ఉంచేది. తింటూ తింటూ మళ్లీ నిద్రలోకి జారేవాడు. పదకొండు దాటాక బెథనీ వచ్చి భుజం తట్టేది. కొండ దారంతా అతను నడిపేవాడు. పక్క సీట్లో కూతురు రెండో మలుపు రాకుండానే నిద్రపోయేది. జుట్టులోంచి వెన్నా పంచదారా వాసన వచ్చేది.

చలికాలం వచ్చింది. డెరిక్ కళ్ల కింద సంచులు దిగాయి. ఒకసారి తన ఇంటి గేటు దగ్గరే కారాపి, తాళం చెవి తీయకుండా అలాగే నిద్రపోయాడు. లొరైన్ వచ్చి అద్దం మీద కొట్టి లేపింది.

"ఇంత అవసరమా డెరిక్? నిన్ను చూస్తే ఉతికి ఆరేసిన చొక్కాలా ఉన్నావ్."

"వసంతం దాటితే సగం అయిపోయినట్టే."

"సగం ఏడాదా, సగం నువ్వా?"

బెథనీ కూడా ఉండుండి ఏదో ఒకటి అనేది. "నాన్నా, ఇవాళ నేను పైన స్టాఫు గదిలో పడుకుంటా. నువ్వు ఎవరితోనైనా ఇంటికెళ్లిపో." ఇంకోసారి, "మోయిరా తన ఇంట్లో ఉండమంటోంది." మరోసారి విసుక్కుంది కూడా: "నువ్విలా వచ్చి కూర్చుంటే నాకు నామోషీగా ఉంది." ఆ ఒక్కమాట డెరిక్‌కి ముల్లులా గుచ్చుకుంది. పిల్లకి రెక్కలొచ్చాయి, తండ్రి కుర్చీలో నిద్రపోతే సిగ్గుపడుతోంది అనుకున్నాడు. మర్నాడు కుర్చీని బీరువా చాటుకి జరుపుకుని కూర్చున్నాడు.

ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చునేది ఆదివారం మధ్యాహ్నమే. మార్చిలో ఒక ఆదివారం లొరైన్ మాంసం కాల్చి, బంగాళాదుంపలు వేయించి పెట్టింది. బెథనీ ఫోర్కుతో దుంపని అటూ ఇటూ దొర్లిస్తోందే గానీ నోట్లో పెట్టుకోవడం లేదు.

"ఇన్సూరెన్సు వాళ్లు పాలసీ రద్దు చేస్తారట," అంది చివరికి, పళ్లెంలోకి చూస్తూ. "వచ్చే బుధవారం రాత్రి పన్నెండు దాకా గడువు. రెండుసార్లు ముందే హెచ్చరించారు. ఫోన్లో మెసేజీలు వచ్చాయి."

డెరిక్‌కి కోపం వచ్చింది. అలసిపోయిన మనిషి కోపం, హద్దూ అదుపూ ఉండదు. "ఏం చేశావ్? స్పీడు కొట్టావా? స్నేహితుల్ని ఎక్కించుకుని తిరిగావా? నేనక్కడ కుక్కలా కుర్చీలో పడి కాపలా కాస్తుంటే నువ్వు పగలంతా ఏం వెలగబెట్టావ్? రెండుసార్లు చెప్పారంటున్నావే, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?"

"డెరిక్!" అంది లొరైన్.

"నువ్వుండు! దీని కోసం కారమ్ముకున్నా. నిద్రమ్ముకున్నా."

బెథనీ ఫోను తీసి బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టింది. పగటి ప్రయాణాలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. రాత్రివి మాత్రం వరసగా ఎర్రగా ఉన్నాయి. పదకొండు దాటినవి. కొండ దారివి.

"నా ప్రయాణాలకి నూటికి తొంభై ఆరు నాన్నా," అంది బెథనీ. "ఎర్రవన్నీ నీవి."

"నేను బాగానే నడిపాగా! గొర్రె పిల్ల అడ్డమొచ్చినప్పుడు కూడా..."

"బాగానే నడిపావ్. ఆ డబ్బాకి నువ్వెవరో నేనెవరో తెలీదు. కారు పదకొండు తర్వాత కదిలితే చాలు, నా లెక్కలో రాసుకుంటుంది. నేను కదలకుండా నిద్రపోతున్నా సరే."

లొరైన్ చేతిలోని గ్రేవీ గిన్నె అలాగే ఉండిపోయింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అడిగాడు డెరిక్.

"క్రిస్మస్ ముందు."

"మరి చెప్పకుండా..."

"ఎలా చెప్పమంటావ్? డిపోలో అందరికీ చెప్పుకుని మురిసిపోతున్నావ్. కారమ్మేశావ్. ఆ కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతుంటే చూసి, నువ్వు చేసిందంతా దండగని ఎలా అనగలను? అందుకే అక్కడే పడుకుంటానన్నా, నామోషీ అన్నా. ఏం చెప్పినా నువ్వు రావడం మానలేదు." బెథనీ ఏడుపు ఆపుకోలేక మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

డెరిక్ తన ముందున్న మాంసాన్ని ముక్కలు కోశాడు గానీ తినలేదు. "కుక్కలా కాపలా అన్నాను," అన్నాడు కాసేపటికి. "పిల్లని అంతమాట అన్నాను."

"కుక్కవి నువ్వేగా," అంది లొరైన్. కానీ అలా అంటూనే అతని భుజం మీద చెయ్యి వేసింది.

సోమవారం పొద్దున్న డెరిక్ కంపెనీకి ఫోను చేశాడు. చాలాసేపు పాట వినిపించాక ఒకావిడ పలికింది.

"క్షమించాలి సర్, పాలసీ మీ అమ్మాయి పేరు మీద ఉంది. మీతో మాట్లాడ్డం కుదరదు."

"ఎర్రగా నడిపింది నేనేనమ్మా. మాట్లాడాల్సింది నాతోనే."

బెథనీ ఫోను తీసుకుని తండ్రితో మాట్లాడవచ్చని ఒప్పుకుంది. డెరిక్ అంతా మొదటినుంచీ చెప్పాడు. బస్సు సంగతి, ఒక్క సొట్ట లేని సంగతి, విరిగిన కుర్చీ సంగతి. చెబుతూ చెబుతూ తన గొంతు తనకే ఎవరో ముసలాడి గొంతులా వినిపించింది. అవతలావిడ ఓపిగ్గా విన్నది.

"మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను సర్. కానీ డబ్బా సీట్లో ఎవరున్నారో చూడదు. బండి ఎక్కడుంది, ఎన్నింటికి కదిలింది, అంతే."

"మనిషి చూస్తాడు కదమ్మా. మీలో ఒక్క మనిషైనా చూడొచ్చు కదా."

ఆవిడ కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "ఒక్కటి చెబుతాను, వినండి. మేం రద్దు చేస్తే మీ అమ్మాయి ఏ కంపెనీకి వెళ్లినా, ఎప్పటికైనా, ఆ సంగతి చెప్పుకోవాల్సిందే. ఎవరూ దగ్గరికి రానివ్వరు. గడువు లోపల మీరే మానేస్తే మచ్చ ఉండదు. డబ్బు మాత్రం పెద్దగా తిరిగి రాదు."

డెరిక్ ఆవిడకి థాంక్స్ చెప్పాడు. నిజంగానే చెప్పాడు, ఎందుకంటే ఆ కంపెనీ మొత్తంలో అతనికి తగిలిన మనిషి ఆవిడొక్కతే. బెథనీ ఆ ఫోన్లోనే బుధవారం అర్ధరాత్రికి పాలసీ మానుకుంది. ఆ తర్వాత కారుకి డెరిక్ పేరు మీద ఇన్సూరెన్సు అడిగితే చాలా చవగ్గా వచ్చింది. గురువారం నుంచి కారు అతనిది. బెథనీ దాన్ని ముట్టుకోకూడదు. వయసు ఇరవై దాటి, రేటు దిగి, డబ్బు కూడితే అప్పుడు చూసుకోవాలి. అంతవరకూ తీసుకెళ్లడం, తీసుకురావడం తండ్రే. పట్టా చేతికొచ్చేదాకా రాత్రి డ్యూటీయే. తొమ్మిదింటి నిద్ర ఎక్కడో దూరంగా పోయింది.

డిపోలో కీత్ అడిగాడు, "వల ఏమైంది?"

"పడ్డాను," అన్నాడు డెరిక్. కీత్ నవ్వబోయి, అతని మొహం చూసి టీ తెచ్చిచ్చాడు.

బుధవారం రాత్రి హోటల్లో జనం పలచగా ఉన్నారు. మోయిరా సంగతంతా విని బెథనీని పదిన్నరకే పంపించేసింది. తండ్రీ కూతుళ్లు వెనక గుమ్మంలోంచి బయటికొచ్చారు. సన్నగా తుంపర పడుతోంది. బెథనీ అలవాటుగా ఎడం వైపు తలుపు దగ్గరికి నడిచింది. డెరిక్ తాళం చెవి కారు మీదుగా ఆమెకి విసిరాడు.

"నువ్వు నడుపు."

"ఇంటికెళ్లేసరికి పదకొండు దాటుతుంది నాన్నా."

"దాటనీ. రాసుకోనీ ఆ డబ్బాని. ఇంక దానికి మనతో పనేముంది?"

అతను ఎడం వైపు సీట్లో కూర్చున్నాక గుర్తొచ్చింది, కూతురు లైసెన్సు తెచ్చుకున్నాక ఆమె నడుపుతుంటే తను ఒక్కసారి కూడా కూర్చోలేదని. ఇన్ని నెలలు కాపలా కాశాడే గానీ ఆమె డ్రైవింగు చూడలేదు. పిల్ల నడిపే కారు ఎలా ఉంటుందో ఆ నల్ల డబ్బాకి తెలుసు, తనకి తెలీదు. సిగ్గేసింది.

ఊరు దాటేదాకా అతని కుడికాలు తనంతట తనే నేలని తొక్కుతూ ఉంది. బెథనీ అది చూసింది. "అక్కడ బ్రేకు లేదు నాన్నా."

"తెలుసు."

"మరి ఎందుకు తొక్కుతున్నావ్?"

"కాలికి తెలీదు."

బెథనీ నవ్వింది. ఆదివారం తర్వాత అదే నవ్వడం. డెరిక్ తుంపర పడుతున్న అద్దంలోంచి ముందుకి చూస్తూ అన్నాడు, "ఆ రోజు నిన్ను అన్న మాటలకి బాధగా ఉంది బెథనీ. చూడకుండానే అనేశాను."

"నేనూ చెప్పకుండా దాచాను కదా."

"నువ్వు దాచింది వేరు."

కొండ ఎక్కుతుంటే రాతి గోడ పక్కన రెండు గొర్రెలు కళ్లు మెరుస్తూ నిలబడ్డాయి. డెరిక్ వాటిని చూసేలోపే కారు మెల్లబడింది. ఎప్పుడు మెల్లబడిందో అతనికి తెలియలేదు. గొర్రెలు తీరిగ్గా రోడ్డు దాటాయి. కారు మళ్లీ కదిలింది. అతని కుడికాలు నేల మీద ఊరుకుంది. వెనక నిలబడ్డ ముసలావిడ టీ ఒలకలేదు అనుకున్నాడు. ఆ మాట కూతురితో పైకే చెప్పాలనుకున్నాడు, కానీ కళ్లు మూతలు పడుతున్నాయి. హీటరు వెచ్చగా ఉంది. వెన్నా పంచదారా వాసన వస్తోంది.

"నాన్నా."

కళ్లు తెరిచాడు. కారు ఇంటి గేటు ముందు ఆగి ఉంది. వంటింట్లో లొరైన్ వేసి ఉంచిన దీపం వెలుగుతోంది. కొండ దిగిన సంగతి, వంతెన మలుపు, రాళ్లు లేచిపోయిన ఆ గతుకుల దారి, ఏదీ అతనికి తెలీదు. బస్సులో గానీ కారులో గానీ ఇంకొకరు నడుపుతుంటే నిద్రపోవడం అతని జీవితంలో ఇదే మొదలు.

"ఇంటికొచ్చేశాం," అంది బెథనీ. ఇంజను ఆపలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, ఎదురుగా చీకట్లోకి చూస్తూ కూర్చుంది. దిగితే ఇక ఎప్పుడో.

డెరిక్ గడియారం చూశాడు. ఒళ్లంతా నొప్పులు. మంచం పిలుస్తోంది. రేపు మళ్లీ రాత్రి డ్యూటీ.

"పన్నెండు అవ్వడానికి ఇంకా టైముంది," అన్నాడు సీటు బెల్టు సర్దుకుంటూ. "ఊరి చివర పాల ఫారం దాకా వెళ్లి తిరిగొద్దాం పద."